పెద్ద అంగడిలో వాటా: కొనుటకు ముందు చూడవలసిన లెక్కలు

సరకు కొనుటకు అంగడికి పోవువారు వేరు, అంగడిలో వాటా కొనువారు వేరు. మొదటివారికి కావలసినది తక్కువ ధర, సరియైన తూకము, చెడని సరకు. రెండవవారికి కావలసినది, అంత తక్కువ ధరకు అమ్మిన పిమ్మట అంగడికి మిగులునదెంత, మిగిలినది ఏమగుచున్నది అను లెక్క. ఒకే మనిషి ఈ రెండు పాత్రలను వహింపవచ్చును. కాని మొదటి పాత్రలో కలిగిన తృప్తిని నమ్మి రెండవ పాత్రలో ధనము పెట్టుట నేడు మన మధ్యతరగతి కుటుంబములలో తరచుగా కనబడుచున్నది. ఆదివారము సాయంకాలము పెద్ద సూపర్ మార్కెట్టు ముందు బండి నిలుపుటకు చోటుండదు. బిల్లు కట్టుటకు వరుసలో నిలువవలెను. ఇంత రద్దీగల వ్యాపారములో వాటా కొన్నవారికి నష్టమెట్లు వచ్చునని పలువురు అడుగుదురు. ఈ ప్రశ్న సహజమైనది. దీనికి సమాధానము మాత్రము అంగడి ముంగిట దొరకదు, ఆ సంస్థ లెక్కలలో దొరకును.

ఈ వర్తకము తెలుగువారికి అపరిచితము కాదు. హైదరాబాదు కేంద్రముగా పెరిగిన త్రినేత్ర దుకాణములను 2007లో ఆదిత్య బిర్లా వర్గమువారు కైవసము చేసికొనిరి, అవి తరువాత 'మోర్' అను పేరుతో నడచినవి. బిగ్ బజార్ 2001లో తన తొలి అంగళ్ళను తెరచిన నగరములలో హైదరాబాదు ఒకటి. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష మన నగరములలోను శాఖలు తెరచినది. ఇపుడు ఆంధ్ర, తెలంగాణములలోని అనేక పట్టణములలో డీమార్ట్ కనబడుచున్నది. వీటిలో కొన్ని నిలిచినవి, కొన్ని పేరు మార్చుకొన్నవి, కొన్ని మాయమైనవి. అన్నిటి ముందును ఒకనాడు రద్దీ ఉండినదే. కావున రద్దీ యొక్కటే గుర్తు కాదని మొదటనే గ్రహింపవలెను.

ఉదాహరణగా డీమార్ట్‌నే తీసికొందము. దీని యజమాని సంస్థ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. షేర్ల విపణిలో పేరు గడించిన రాధాకిషన్ దమానీ దీని స్థాపకుడు. మొదటి అంగడి 2002లో ముంబయిలోని పొవాయిలో తెరువబడినది. హిందూస్థాన్ లీవర్‌లో పనిచేసిన నెవిల్ నొరోనా 2004లో వచ్చి చేరి, తరువాత పెక్కు సంవత్సరములు దీనిని నడిపెను. 2017 మార్చిలో ప్రజలకు వాటాలు అమ్మునాటికి ఆ మొదటి అంగడి వయస్సు పదునైదేండ్లు. ఆ మార్చి నెలాఖరునకు అంగళ్ళు 131. 2025 మార్చి చివరకు అవి 415 అయినవి.

నూరు రూపాయలలో మిగులునది

అనుబంధ సంస్థలతో కలిపి 2024-25 ఆర్థిక సంవత్సరములో ఈ సంస్థ చేసిన అమ్మకములు సుమారు 59,358 కోట్ల రూపాయలు. ఖర్చులు, పన్నులు పోగా మిగిలిన నికర లాభము సుమారు 2,707 కోట్లు. రెండును పెద్ద సంఖ్యలే. కాని ఒకదానిని రెండవదానితో పోల్చి చూడుడు. మీరు నూరు రూపాయల సరకు కొన్నచో సంస్థకు చివరకు దక్కునది 4 రూపాయల 56 పైసలు మాత్రమే.

మిగిలినదంతయు ఎచ్చటికి పోయినది? నూరు రూపాయలలో సుమారు 85 రూపాయలు ఆ సరకును కొనుటకే పోయినవి. మిగిలిన 15 రూపాయలలో ఇంచుమించు సగము జీతములు, విద్యుచ్ఛక్తి, రవాణా, నిర్వహణము మొదలగు ఖర్చులకు సరిపోయినది. కట్టడములకు, సామగ్రికి కలుగు అరుగుదల, స్వల్పమైన వడ్డీ, ప్రభుత్వమునకు కట్టవలసిన పన్ను తీసివేయగా నిలిచినది నాలుగున్నర రూపాయలు.

ఈ నాలుగున్నర ఎంత సున్నితమైనదో చూడుడు. పక్క వీధిలో పోటీ అంగడి తెరచినదని ఈ సంస్థ నూటికి ఒక్క రూపాయి ధర తగ్గించినదనుకొందము. కొనువారికి ఆ రూపాయి లెక్కకు రాదు. కాని సంస్థకు పన్ను పోను ముప్పాతిక రూపాయి నష్టము, అనగా లాభములో ఆరవ వంతు ఎగిరిపోవును. చిల్లర వర్తకములో పెద్దదియగుట వేరు, బలమైనదియగుట వేరు. లక్షల కోట్ల అమ్మకములు చేయు సంస్థయైనను అది నడుచు గట్టు మిక్కిలి సన్ననిది.

త్వరగా అమ్ముట, త్వరగా చెల్లించుట

ఇంత తక్కువ మిగులుతో ఈ వర్తకమెట్లు గిట్టుబాటగును? సరకు తిరుగుడులో దీని రహస్యమున్నది. నగల దుకాణములో ఒక హారము ఏడాది పొడవున అద్దాల బీరువాలో ఉండవచ్చును. కందిపప్పు, నూనె, సబ్బు అట్లుండరాదు. ఈ సంస్థ కొన్న సరకు ఇంచుమించు నెల రోజులలో అమ్ముడుపోవుచున్నది. అనగా సరకు మీద పెట్టిన అదే సొమ్ము ఏడాదిలో పదునొకండు మారులు తిరిగి వచ్చుచున్నది. ఒక్కొక్క మారు మిగులునది స్వల్పమైనను, పదునొకండు మారులు మిగులుచున్నది.

సరకు ఇచ్చినవారికి సొమ్ము ముట్టజెప్పుటలోను ఈ సంస్థది ప్రత్యేకమైన పద్ధతి. పెద్ద అంగళ్ళు సాధారణముగా సరఫరాదారులను నెలకు పైగా నిలిపియుంచి, వారి సొమ్ముతోనే తమ వ్యాపారము నడుపుకొందురు. డీమార్ట్ వారము, ఎనిమిది రోజులలో చెల్లించుచున్నది. ఇది దానముకాదు, లెక్క. నగదు త్వరగా చేతికి వచ్చునని తెలిసిన తయారీదారు ధరలో కొంత తగ్గింపు ఇచ్చును. ఆ తగ్గింపులో కొంత కొనువారికి చేరును, దానివలన కొనువారు పెరుగుదురు, సరకు మరింత త్వరగా తిరుగును. ఒకదానినుండి మరొకటి ఏర్పడు ఈ గొలుసే ఆ వ్యాపారమునకు పట్టుగొమ్మ.

ఈ గొలుసు తెగుటకు మొదటి గుర్తు గృహిణులకే కనబడును. సరఫరాదారులకు చెల్లింపులు ఆగినపుడు వారు సరకు పంపుట తగ్గింతురు. అరలు ఖాళీయగును. అడిగిన రకము దొరకదు. వార్షిక నివేదిక వెలువడుటకు నెలల ముందే ఈ సంగతి సంచి పట్టుకొని అంగడికి పోయినవారికి తెలియగలదు. అంగడిలో చూచినది నిరర్థకము కాదు. జనమును గాక అరలను చూడవలెను.

సొంత గోడలు, అప్పు గోడలు

సరకు పదునొకండు మారులు తిరుగుచున్నను, సంస్థలో వాటాదారుల సొమ్ము మొత్తముపై 2024-25లో వచ్చిన లాభము నూటికి 12, 13 రూపాయల ప్రాంతముననే ఉన్నది. దీనికి కారణము భూమి, కట్టడములు. ఈ సంస్థ అంగడి స్థలములను చాలవరకు కొనుచున్నది, లేదా మిక్కిలి దీర్ఘకాలపు కౌలునకు తీసికొనుచున్నది. సొంత కట్టడము వలన మేలున్నది. అద్దె పెంచు యజమాని లేడు, ఖాళీ చేయుమనువాడు లేడు, చెడ్డకాలములో ఖర్చు తక్కువ. కీడును ఉన్నది. ఒక్కొక్క అంగడికి పెద్ద పెట్టుబడి కావలెను, అందుచేత విస్తరణము నెమ్మదిగా సాగును.

2017లో ప్రజల నుండి సేకరించిన 1,870 కోట్లలో సగమునకు పైగా పాత అప్పు తీర్చుటకే కేటాయించిరి. 2020 ఫిబ్రవరిలో పెద్ద సంస్థలకు క్రొత్త వాటాలు అమ్మి మరి 4,098 కోట్లు సమకూర్చిరి. ఇట్లు వాటాదారుల సొమ్ముతో పెరిగినందున వడ్డీ భారము స్వల్పమైనది. అప్పు లేకపోవుట యెంత రక్షణయో తెలియుటకు, అప్పుతో పరుగెత్తినవారి కథలు రెండు చెప్పుకొందము.

సుభిక్ష 2008 నాటికి సుమారు 1,600 శాఖలు తెరచినది. చిన్న అద్దె కొట్లు, శీఘ్రమైన విస్తరణము, దానికి అప్పు. అదే యేడు ప్రపంచమున ధనము కొరతపడినది. క్రొత్త అప్పు పుట్టలేదు. సరఫరాదారులకు, కట్టడముల యజమానులకు, ఉద్యోగులకు బాకీలు పడినవి, అరలు ఖాళీయైనవి. 2009 ఆరంభమునకు అంగళ్ళు మూతపడినవి. అమ్మకములు లేక మునిగిన సంస్థ కాదది, రోజువారీ నగదు లేక మునిగినది.

బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ కథ ఇంకను పెద్దది. ఆ పేరు తెలియని పట్టణ కుటుంబము ఒకప్పుడు లేదు. అద్దె కట్టడములు, బరువైన అప్పులు ఉన్న స్థితిలో 2020లో కరోనా వచ్చి అంగళ్ళను మూయించినది. బాకీలు తీర్చలేక, అద్దెలు చెల్లింపలేక ఆ సంస్థ కుంగినది. 2022 ఫిబ్రవరిలో కౌలు హక్కులు పొందిన రిలయన్స్ వారు అనేక అంగళ్ళను స్వాధీనము చేసికొనిరి. 2022 జూలైలో దివాలా ప్రక్రియ ఆరంభమైనది. 2024లో సంస్థను పరిసమాప్తి చేయుటకు ఆదేశము వెలువడినది. ఇట్టి సమయమున మొదట బ్యాంకులు, తదితర ఋణదాతలు తీసికొందురు. అందరి వంతు ముగిసిన పిమ్మట వాటాదారుని వంతు వచ్చును. అప్పటికి పాత్రలో మిగులునది తరచుగా ఏమియు ఉండదు.

పాత అంగడి పెరుగుచున్నదా?

అమ్మకములు నూటికి 17 పెరిగినవని పత్రికలో చదివినపుడు ఒక ప్రశ్న వేయవలెను. క్రొత్త అంగళ్ళు తెరచుట వలన పెరిగినవా, పాత అంగళ్ళలోనే కొనుగోలు పెరిగినదా? మొదటిది డబ్బుతో కొనగల పెరుగుదల. రెండవదియే వ్యాపారపు ఆరోగ్యము. అందుకే ఈ సంస్థలు రెండేండ్లు నిండిన అంగళ్ళ పెరుగుదలను వేరుగా చెప్పును. డీమార్ట్ విషయమున ఈ సంఖ్య 2016-17లో నూటికి 21.2 ఉండగా 2024-25లో 8.4 అయినది. సంస్థ పెద్దదియగుకొలది ఇది తగ్గుట సహజమే. ధరల పెరుగుదలలోనే ఇందులో కొంత పోవునని కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

తరువాత చూడవలసినది అమ్ముడుపోవు సరకుల పాలు. సగమునకు పైగా ఆహార పదార్థములు, ఇంచుమించు ఐదవ వంతు సబ్బులు మొదలగు నిత్యావసరములు, మిగిలినది బట్టలు, పాత్రలు, గృహోపకరణములు. పప్పు ఉప్పులలో మిగులు తక్కువ, బట్టలలో పాత్రలలో మిగులు ఎక్కువ. పప్పు కొరకు వచ్చిన కుటుంబము పోవుచు పోవుచు ఒక దుప్పటియు కొనుటలోనే అంగడి లాభము దాగియున్నది. ఈ రెండవ తరగతి పాలు 2019-20లో నూటికి 27 ప్రాంతముననుండి, కరోనా తరువాత 23కు దిగినది. కొనువారు గమనింపని ఈ నాలుగు పాళ్ళు వాటాదారుడు తప్పక గమనింపవలసినవి.

ఇక క్రొత్త పోటీ. జొమాటో 2022లో కొన్న బ్లింకిట్, 2021లో ప్రారంభమైన జెప్టో, స్విగ్గీవారి ఇన్‌స్టామార్ట్, ఇవి ఫోనులో అడిగిన సరకును నిమిషములలో ఇంటికి చేర్చుచున్నవి. 2024 అక్టోబరులో డీమార్ట్ త్రైమాసిక ఫలితములు ప్రకటించుచు, మహానగరములలో అమ్మకములు ఎక్కువగానున్న తమ అంగళ్ళపై ఇంటికి సరకు చేర్చు పద్ధతుల ప్రభావము స్పష్టముగా కనబడుచున్నదని చెప్పినది. ఆ వెనువెంటనే విపణిలో దాని వాటా ధర ఒక్క దినమున నూటికి ఎనిమిదికి పైగా పడినది. సంస్థ సొంతముగా నడుపు 'డీమార్ట్ రెడీ' అను ఇంటికి చేర్చు శాఖ 2024-25లోను నష్టములోనే నడచినది. ఇంటివరకు మోసిన సరకుపై ఆ మోతకూలిని నాలుగున్నర రూపాయలలో నుండియే భరింపవలెను గదా!

లెక్క వ్రాయు చేయి

వాటాదారుడు చూచునది లెక్కల పుస్తకము, అది నమ్మదగినదై యుండవలెను. పెద్ద అంగళ్ళ లెక్కలలో ఒక చీకటి మూల కలదు. సరకు తయారుచేయువారు తమ వస్తువును కంటికి ఎదురుగానున్న అరలో పెట్టుటకు, ఎక్కువ అమ్మినందుకు, ప్రకటన చేసినందుకు అంగడికి సొమ్ము ఇత్తురు. అది ఎపుడు ఆదాయమగునో నిర్ణయించుటలో పొరపాటునకు, మాయకు కూడ చోటున్నది. బ్రిటనులో అగ్రగామియగు టెస్కో 2014 సెప్టెంబరులో తన అర్ధసంవత్సర లాభమును 25 కోట్ల పౌండ్ల మేరకు ఎక్కువ చూపినట్లు ప్రకటించినది. పిమ్మట ఆ సంఖ్య 26 కోట్ల 30 లక్షలైనది. సరఫరాదారుల నుండి రావలసిన సొమ్మును ముందుగానే ఆదాయముగా వ్రాసికొనుట దీనికి ప్రధాన కారణము. ప్రకటన నాడే వాటా ధర నూటికి 11 పడినది. ప్రపంచప్రసిద్ధ పెట్టుబడిదారుడు వారెన్ బఫెట్ సంస్థ టెస్కో వాటాలలో పన్నుల అనంతరము 44 కోట్ల 40 లక్షల డాలర్లు పోగొట్టుకొన్నది.

దీనికి గృహస్థు చేయగల పరీక్ష ఒకటున్నది. లాభములతోపాటు నగదు రాక యెంత అను పట్టికను వార్షిక నివేదికలో చూడవలెను. అంగడి నగదు వ్యాపారము. ఏటేట లాభము పెరిగినదని చెప్పుచు, చేతికి వచ్చు నగదు మాత్రము పెరగనిచో అచట నిలిచి ఆలోచింపవలెను.

తోట మంచిదే, వెల యెంత?

ఇంతవరకు చెప్పినవన్నియు వ్యాపారమును గూర్చినవి. ఇక కడపటి మాట, మన కుటుంబములు ఎక్కువగా దెబ్బతినునది, వెలను గూర్చినది.

మామిడి తోట నొకదానిని కొనబోవు రైతు చెట్లు చూచును, నేల చూచును, నీరు చూచును. తరువాత, 'ఏటికి కాపు మీద వచ్చునదెంత? అడుగుచున్న వెల యెంత?' అని విచారించును. ఏటికి లక్ష రూపాయల పంటనిచ్చు తోటను పది లక్షలకు కొనుట ఒకటి, రెండున్నర కోట్లకు కొనుట వేరొకటి. తోట అదే, చెట్లు అవే. రెండవ బేరములో రైతు ముని మనుమలకు గాని పెట్టుబడి తిరిగి రాదు.

డీమార్ట్ వాటాను 2017 మార్చిలో 299 రూపాయలకు ఇచ్చిరి. విపణిలో మొదటి దినముననే అది 600 దాటినది. 2021 అక్టోబరులో అది 5,900 రూపాయల దాపునకు చేరినది. 2021-22లో సంస్థ ఆర్జించిన నికర లాభము 1,492 కోట్లు, అనగా ఒక్కొక్క వాటాకు సుమారు 23 రూపాయలు. 23 రూపాయల వార్షిక లాభమునకు 5,900 రూపాయల వెల! ఇంచుమించు 250 రెట్లు. రెండున్నర కోట్ల తోట ఇదే.

పదవీ విరమణము చేసిన ఒక ఉపాధ్యాయుడు తనకు వచ్చిన సొమ్ములో 5 లక్షలు ఆనాటి వెలకు ఈ వాటాలలో పెట్టెనని ఊహింతము. ఆయన అంచనా వ్యాపారము విషయమున తప్పలేదు. 2021-22లో 30,976 కోట్లున్న అమ్మకములు 2024-25 నాటికి 59,358 కోట్లైనవి. లాభము 1,492 నుండి 2,707 కోట్లకు పెరిగినది. అంగళ్ళు పెరిగినవి, అప్పు పెరగలేదు. అయినను 2025 మార్చి చివర వాటా ధర 4,080 రూపాయల ప్రాంతముననుండుటచే ఆయన 5 లక్షలు 3 లక్షల 45 వేలైనవి. ఈ సంస్థ విపణిలోనికి వచ్చినది మొదలు 2025 మార్చి వరకు డివిడెండు పంచలేదు, లాభమునంతను క్రొత్త అంగళ్ళకే వినియోగించినది. కనుక నడుమ ఆయన చేతికి ఒక్క రూపాయియు రాలేదు. అదే సొమ్ము బ్యాంకులో వేసియుండినచో నెలనెల మందులకైన వడ్డీ వచ్చియుండెడిది.

2017లో 50 వాటాలు 14,950 రూపాయలకు పొంది అట్లే ఉంచుకొన్న కుటుంబమునకు 2025 మార్చి చివర వాటి విలువ 2 లక్షల పైచిలుకు. సంస్థ ఒక్కటే, సరకు ఒక్కటే, రద్దీ ఒక్కటే. భేదము కొన్న వెలలో మాత్రమే ఉన్నది.

ఫలానా వాటా కొనుడని గాని, అమ్ముడని గాని చెప్పుట ఈ ప్రసంగము ఉద్దేశము కాదు. ఏ సూపర్ మార్కెట్టు వాటా కొనదలచినను వేయవలసిన ప్రశ్నలను మాత్రము ఒకచోట చేర్చి చెప్పెదము. నూరు రూపాయల అమ్మకములో మిగులునదెంత? సరకు ఎన్ని దినములలో అమ్ముడుపోవుచున్నది, సరఫరాదారునకు ఎన్ని దినములలో సొమ్ము ముట్టుచున్నది? గోడలు సొంతమా, అద్దెయా, అప్పు ఎంత? పాత అంగళ్ళ అమ్మకము పెరుగుచున్నదా? లాభమునకు తగిన నగదు చేతికి వచ్చుచున్నదా? ఒక్క రూపాయి లాభమునకు విపణి ఎన్ని రూపాయల వెల అడుగుచున్నది? ఈ సంఖ్యలన్నియు సంస్థ వార్షిక నివేదికలోను, పత్రికల ఆర్థిక పుటలలోను దొరకును. కూడిక, తీసివేత, భాగాహారము తెలిసినవారు ఎవరైనను చూచుకొనవచ్చును.

మన ఇండ్లలో నెలసరి సరకుల పట్టీ వ్రాయువారు కిలో పప్పునకు రెండు రూపాయలు ఎక్కువైనచో వేరొక కొట్టుకు పోయి విచారింతురు. వైద్యమునకు, పిల్లల చదువునకు, వృద్ధాప్యమునకు దాచిన లక్షలు పెట్టునపుడు అంత విచారణయైనను చేయుట న్యాయము.